పడుగు మీది పొర

ఏంజెల్ మొండిది. ఈ మాట ఉయ్యూరులో వాళ్లమ్మ శౌరమ్మ అంటుంది, యూనివర్సిటీలో ఆమె పరిశోధనకు గైడుగా ఉన్న దుర్గాశంకర్ కూడా అంటాడు. తల్లి ఆ మాట అంటూనే కూతురి కంచంలో ఇంకో గరిటె అన్నం వడ్డిస్తుంది. గైడు ఆ మాట అనేముందు కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. చెరకు తోటల్లో కూలికి పోయి పిల్లను చదివించిన ఇంట్లో మొండితనం లేకపోతే ఆ పిల్ల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దాకా వచ్చేదే కాదు. ఆ సంగతి దుర్గాశంకర్‌కూ తెలుసు. తెలిసినా తుడుచుకుంటాడు.

వాళ్లిద్దరూ తయారుచేస్తున్నది ఒక గుడ్డ, కాలిన గాయాలకు కట్టే పట్టీ. అందులో వెండి ఉంటుంది కానీ కంటికి కనపడదు. వెంట్రుక మందంలో వేల రేణువులు పక్కపక్కన పట్టేంత సన్నం. వెండి ఉన్నచోట చీము పుట్టించే క్రిములు బతకవు. ఆ రేణువులు నూలుపోగు లోపల కూర్చుంటే, తడి తగిలినప్పుడల్లా కొంచెం కొంచెంగా పనిచేస్తూ పుండు మానేదాకా కాపలా కాస్తాయి. పైపైన అంటుకుని ఉంటే మాత్రం, కట్టు కట్టిన రోజే పొరలుగా ఊడి పచ్చిపుండులో పడతాయి. అప్పుడు మేలు చేయకపోగా, కొత్తగా వస్తున్న చర్మాన్ని పాడుచేస్తాయి. మర్నాటికి గుడ్డలో ఏమీ మిగలదు. కాబట్టి ఇన్నాళ్ల కష్టమూ ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది. వెండి లోపల ఉందా, పైన ఉందా?

గుడ్డ నేసింది మంగళగిరి సాంబమూర్తి. ఏంజెల్ మొదటిసారి ఆ నేతగాళ్ల వీధికి వెళ్లినప్పుడు ఒకరి తర్వాత ఒకరు నవ్వి పంపేశారు. జరీ అంచు చీరలు నేసే చేతులను పట్టుకుని జల్లెడలాంటి కట్టుగుడ్డ నేయమంటే నవ్వక ఏం చేస్తారు? సాంబమూర్తి నవ్వలేదు. గుంటమగ్గంలో కూర్చున్నవాడు తలెత్తి, "దేనికమ్మా?" అని అడిగాడు.

"కాలిన గాయాలకు కట్టడానికి బాబాయ్ గారూ."

అడ్డం పోగును విసిరే నాడె ఆయన చేతిలో ఆగిపోయింది.

"మా ఇంటిది అట్లానే పోయిందమ్మా," అన్నాడు. "గంజి గుండిగ జారి మీద పడ్డది. నీళ్లయితే జారిపోయేయి. గంజి గదా, ఒంటికి అంటుకుపోయింది. అయినా కాలినందుకు పోలా. మానతా ఉందనుకున్నాక చీము పట్టి పోయింది." అంతకుమించి ఏమీ చెప్పకుండా, గుడ్డ ఎంత వెడల్పు కావాలో అడిగాడు.

ఆ రోజే ఏంజెల్ ఒక జాగ్రత్త చెప్పింది. నూలుకు రంగు గానీ, కెమికల్ గానీ, మరేదీ గానీ తగలకూడదంది. "ఏదీ తగలనియ్యను," అన్నాడు సాంబమూర్తి. మాట మీద నిలబడ్డాడు కూడా. మగ్గం గుంటలోకి దిగేముందు చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. జరీ డబ్బా ఎదురింటి బుల్లెమ్మకిచ్చి దాయమన్నాడు. మగ్గం గదిలోకి పిల్లిని కూడా రానివ్వలేదు.

నేసిన గుడ్డకు లాబ్‌లో వెండి పట్టించారు. పోగులోంచి పీచు లాగి మైక్రోస్కోపులో చూస్తే బూడిదరంగు మీద నిండా నల్లటి చుక్కలు కనపడ్డాయి. "లోపలే ఉంది," అన్నాడు దుర్గాశంకర్. అందరూ మిఠాయి తిన్నారు. ఉతికి చూస్తే కొంత వెండి నీళ్లలోకి వచ్చింది, కానీ అది పోగుకు పట్టని పైపై దుమ్ములెమ్మన్నాడు దుర్గాశంకర్. విజయవాడ ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డు చూసే డాక్టరు, ఒప్పుకున్న కొద్దిమందికి కట్టి చూస్తానన్నాడు. పట్టీలుగా కోసి చుట్టే పని సాంబమూర్తి పట్టుబట్టి తీసుకున్నాడు. వాటిని శుక్రవారం నాడు స్వయంగా తెచ్చి వార్డులో ఇస్తానన్నాడు. శుక్రవారం ఆయన భార్య మల్లీశ్వరి సంవత్సరీకం. ఆమె కన్నుమూసింది ఆ వార్డులోనే.

అయితే ఇల్లు అలకగానే పండగ కాదు కదా. ఆ వారం మొదట్లో ఏంజెల్‌కు ఒక అనుమానం పట్టుకుంది. మైక్రోస్కోపు తీసేది ఒక రకంగా నీడ బొమ్మే. ఎలక్ట్రాన్లు పీచులోంచి దూసుకుపోయి పైనున్న చుక్కనూ, లోపలి చుక్కనూ, అడుగునున్న చుక్కనూ ఒకే కాగితం మీద దింపుతాయి. ఏది ఎక్కడిదో ఆ బొమ్మ చెప్పదు. చెప్పించాలంటే పీచును కొంచెం కొంచెంగా వంచుతూ ప్రతి వంపులోనూ ఒక బొమ్మ తీసి, అన్నిటినీ కంప్యూటరుకిచ్చి అసలు ఆకారాన్ని తిరిగి కట్టించాలి. మంగళగిరి కొండ చుట్టూ తిరిగి ఫొటోలు తీస్తే, కొండ ఎంత లావో, ఏ బండ ఎక్కడుందో తెలిసినట్టు. కాకపోతే చుట్టూ పూర్తిగా తిరగలేం. పీచును పట్టుకున్న చట్రం అడ్డొచ్చి కొన్ని కోణాలు ఎప్పటికీ అందవు. అందని వైపు ఆకారం కొంచెం సాగి, మసకగా వస్తుంది.

"ఇప్పుడెందుకమ్మా ఇదంతా?" అన్నాడు దుర్గాశంకర్. ఏంజెల్ వినలేదు. మొండిదని ముందే చెప్పుకున్నాం.

కంప్యూటరు కట్టిన పీచును తెర మీద తిప్పి, మధ్యకు కోసి చూసింది. లోపల ఏమీ లేదు. బూరెకు పైన తోపుపిండి ఉన్నట్టు పీచు చుట్టూ పలచటి పొర ఒకటి ఉంది. చుక్కలన్నీ ఆ పొరలోనే ఉన్నాయి.

దుర్గాశంకర్ కళ్లజోడు తీశాడు. "ఇది మనం తిప్పలేని కోణాల వల్ల వచ్చే సాగుడు. పైనా కిందా ఎప్పుడూ ఇట్లాగే మసగ్గా వస్తుంది. మిషను చేసే మాయ."

"మాయయితే అన్ని పోగులకూ రావాలి కద సార్."

"చూడు మరి."

చూసింది. రెండు రోజులపాటు భోజనానికి కూడా సరిగ్గా లేవకుండా చూసింది. గుడ్డలో నిలువు పోగులు వేరుగా, అడ్డం పోగులు వేరుగా తీసి, అదే మైక్రోస్కోపులో, అవే కోణాల్లో తిప్పింది. అడ్డం పోగుల్లో, అంటే పేకలో, వెండి చక్కగా లోపలికి వెళ్లి కూర్చుంది. నిలువు పోగుల్లో, అంటే పడుగులో, ఒక్క చుక్క లోపల లేదు. మిషనుకు పడుగేదో పేకేదో తెలియదు కదా. పొర నిజం.

దుర్గాశంకర్ ఆ రెండు బొమ్మలనూ తెర మీద పక్కపక్కన పెట్టి చూశాడు. చెడ్డవాడు కాదాయన. డాక్టరుకు మాటిచ్చాడు, పైవాళ్లకు చెప్పాడు, ఇప్పుడు మింగలేడు కక్కలేడు. "సగం గుడ్డ బాగానే ఉందిగా ఏంజెల్," అన్నాడు చివరికి. "ఇది మొదటి విడత. శుక్రవారం ఇచ్చేద్దాం, రెండో విడతకు సరిచేద్దాం."

"రెండో విడత దాకా ఆ పుండు ఎవరిదో వాళ్లుండాలి కదండీ," అంది ఏంజెల్. గైడుతో అట్లా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఫోను చేతిలోకి తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టాడు. "డాక్టరుకు నేను చెప్తాను," అన్నాడు. "ఆ నేతాయనకు నువ్వే చెప్పాలి. నా వల్ల కాదు."

ఏంజెల్ ముందు ఫోను చేసింది. చెప్పడానికి ధైర్యం చాలక అడగడంతో మొదలుపెట్టింది.

"బాబాయ్ గారూ, పడుగుకూ పేకకూ నూలు వేరా?"

"ఒకటే నూలమ్మా. ఒకే కట్టలోది."

"దేనికన్నా ఏమన్నా పెట్టారా?"

"ఏమీ పెట్టలా. మల్లీశ్వరి మీద ఒట్టు." ఆ వెంటనే ఆయన గొంతు తేలికపడింది. "పట్టీలన్నీ చుట్టేశా. దాని పెళ్లిచీరలో మూటగట్టి పెట్టా. శుక్రవారం పొద్దున్నే బయల్దేరదామా?"

ఏంజెల్ రేపు పొద్దున్నే ఇంటికొస్తానని మాత్రం చెప్పి ఫోను పెట్టేసింది.

గురువారం పొద్దు పొడుస్తుండగా ఆటో దిగి వీధి మలుపు తిరిగిన ఏంజెల్ అక్కడే నిలబడిపోయింది. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా కర్రల మీద తెల్లటి పోగులు సాచి ఉన్నాయి. ఎవరి చీరకో పడుగు. దానికి అటొకరు ఇటొకరుగా నడుస్తూ, పొడవాటి కుంచెలతో దువ్వుతున్నారు. అందులో సాంబమూర్తి ఒకడు. బుల్లెమ్మ బకెట్ పట్టుకుని వెనకాలే వస్తూ, గుడ్డ ముంచి పోగుల మీద పిండుతోంది. పులిసిన అన్నం వాసన, దాంతోపాటు కొంచెం నూనె వాసన. ఏంజెల్ ఇదివరకు ఎప్పుడు వచ్చినా మధ్యాహ్నాలే వచ్చింది. అప్పటికి వీధి ఖాళీగా ఉండేది.

"రామ్మా, రా," అన్నాడు సాంబమూర్తి నవ్వుతూ.

"బాబాయ్ గారూ, ఆ బకెట్లో ఏంటి?"

"గంజి."

"మన గుడ్డకు కూడా పెట్టారా?"

ఆయనకు ప్రశ్నే అర్థం కాలేదు. "పెట్టకపోతే పడుగెట్లా నిలబడిద్దమ్మా? మగ్గమెక్కంగానే పుటుక్కుమని తెగదూ? పేకకయితే అక్కర్లా. పడుగుకి పెట్టాలిగా."

"మరి ఏమీ పెట్టలేదన్నారు."

"ఏమీ పెట్టలా. గంజేగా!"

ఆయన అబద్ధమాడలేదు. అన్నంలో ఏం వేశావని ఏ ఇల్లాలినైనా అడిగితే నీళ్లు పోశానని చెప్తుందా? ఆ వీధిలో గంజి నూలుకు పెట్టేది కాదు, నూలులో భాగం. తాత పెట్టాడు, తండ్రి పెట్టాడు, ఎవరూ దాన్ని ఒక వస్తువుగా లెక్కపెట్టలేదు. ఏంజెల్‌కేమో గంజి అంటే తాగేది. చిన్నప్పుడు శౌరమ్మ ఉప్పేసి ఇస్తే తాగి బడికి పోయింది. నూలుకు కూడా తాగిస్తారని ఆమెకు ఎవరు చెప్పారు గనక? ఇద్దరూ జాగ్రత్తపరులే. ఇద్దరి జాగ్రత్తల మధ్యలోంచి గంజి నిశ్శబ్దంగా గుడ్డలోకి వెళ్లిపోయింది. లాబ్‌లో చల్లనీళ్లతో జాడించారు గానీ, నూనె కలిపి పట్టించిన గంజి చల్లనీళ్లకు వదలదు. పోసిన వెండినంతా అది పైనే పట్టేసుకుంది.

పడుగు ఆరేలోపు వస్తానంటూ సాంబమూర్తి వీధి చివరికి వెళ్లాడు. ఏంజెల్ అరుగు మీద కూలబడింది. బుల్లెమ్మ మంచినీళ్లు తెచ్చిచ్చి పక్కన కూర్చుంది.

"గంజి మీరు కాస్తారా అత్తా?" అని అడిగింది ఏంజెల్, ఏదో ఒకటి అడగాలని.

"నేనేనమ్మా. మల్లీశ్వరి పోయినకాడ్నించి మా ఇంటోనే కాస్తన్నా. అన్నయ్య ఆ గుండిగ జోలికి పోడు. అటక మీదకి ఎక్కించినోడు మళ్లీ దించలా." బుల్లెమ్మ గొంతు తగ్గించింది. "ఆరోజు అది పిలిచిందమ్మా. 'కాస్తొచ్చి పట్టుకోండి, దించుదాం' అని. నా చెవులతో ఇన్నా. 'ఈ బెత్తెడు నేసి వస్తన్నా' అన్నాడు లోపల్నించి. మగ్గం మీద ఉన్నోడు ఎవడన్నా అంతేగా. అది ఆగక ఒక్కతే దించబోయింది. ఆ బెత్తెడు గుడ్డ ఇంతవరకు ఎవరికీ అమ్మలా, ఏం చేశాడో తెలీదు."

ఏంజెల్ గ్లాసు కింద పెట్టింది. ఇప్పుడు ఆ మనిషికి వెళ్లి, నీ పట్టీని చెడగొట్టింది కూడా గంజే అని చెప్పాలి. చెప్పకుండా వెనక్కి వెళ్లిపోతే బాగుండునని నిజంగా అనిపించింది. ఏదో మిషను పాడైందని ఒక ముక్క అనేస్తే చాలు, ఆయన నమ్ముతాడు. కానీ నమ్మి, మళ్లీ అదే గంజి పెట్టి, మళ్లీ నేస్తాడు. ఏసయ్యా, నా నోటికి మాటివ్వు అనుకుని లేచింది.

సాంబమూర్తి తిరిగొచ్చాక, మగ్గం గదిలో ఆయన పక్కన కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. పీచును మెల్లగా తిప్పి చూపించింది. ఆయన కళ్లార్పకుండా చూశాడు. జీవితమంతా వేళ్లతో తడిమిన పోగును లోపలి నుంచి చూడటం ఆయనకదే మొదటిసారి.

"ఈ నల్లయ్యి వెండా?"

"అవును బాబాయ్ గారూ. పేకలో లోపలికి పోయింది, చూడండి. పడుగులో పోలేదు. ఈ పొర దగ్గరే ఆగిపోయింది."

ఆయన వేలు తెర మీద ఆ పొర వెంట గుండ్రంగా తిరిగింది. వీధిలో ఎవరో కుంచె దులుపుతున్న చప్పుడు వినిపించింది.

"గంజి కదూ," అన్నాడు.

ఏంజెల్ తలూపింది.

"కడితే ఏమయిద్ది?"

"పొర ఊడి పుండులో పడుతుంది. అక్కడే ఉండిపోతుంది."

"అంటే మళ్లీ అంటుకుంటదన్నమాట," అన్నాడు సాంబమూర్తి. ఆ మాట ఏంజెల్‌తో అన్నట్టు లేదు.

"తప్పు నాదండీ. అడగాల్సింది నేను."

"అడిగావమ్మా. నేనే గంజిని లెక్కలో వెయ్యలా." ఆయన తల దించుకుని అరచేతులు చూసుకున్నాడు. "లెక్కలో వెయ్యనిదే ఎప్పుడూ ప్రాణం మీదకి తెచ్చిద్ది. తియ్యొచ్చా దాన్ని?"

"తీయొచ్చు. బట్టల సోడా వేసి బాగా మరగబెడితే గంజి వదిలిపోతుంది, దాన్ని పట్టుకున్న వెండి కూడా పోతుంది. ఆ తర్వాత మళ్లీ వెండి పట్టించి, మళ్లీ అన్ని వైపుల నుంచీ తిప్పి చూడాలి. రేపటికి మాత్రం అవ్వదు బాబాయ్ గారూ."

ఆయన మూలనున్న మూట వైపు చూశాడు. నెమలికంఠం రంగు పట్టుచీర, నాలుగు చెంగులూ కలిపి ముడి. రేపు దాన్ని చంకన పెట్టుకుని వార్డులోకి నడవాలని ఇన్నాళ్లూ అనుకున్నాడు. మొహం వాడిపోయింది. ఏడుస్తాడేమోనని ఏంజెల్ భయపడింది. ఆయన ఏడవలేదు. లేచి వెళ్లి ముడి విప్పాడు. చీర మడతపెట్టి పక్కన పెట్టాడు.

"మీరు శ్రమపడొద్దు, లాబ్‌లో మేం మరగబెడతాం," అంది ఏంజెల్.

"నేను పెట్టిందాన్ని నేనే తియ్యాలి."

గుమ్మంలో నిలబడ్డ బుల్లెమ్మ, "మా గుండిగ తెస్తానుండు అన్నయ్యా," అంది.

"వద్దులే," అన్నాడు సాంబమూర్తి. నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు.

గుండిగ బోర్లించి ఉంది, మీద దుమ్ము దట్టంగా పట్టి ఉంది. పెరట్లోకి తెచ్చి వెల్లకిలా తిప్పితే, లోపలి గోడ పొడవునా ఎండిపోయిన గంజి కనపడింది. ఆనాటి గంజే. ఎవరూ తోమలేదు, ఎవరికి చేతులాడతాయి? అంచు దాకా పాకి, ఒకవైపు ఒలికి ఆగిపోయిన గుర్తు కూడా అలాగే ఉంది. బుల్లెమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. సాంబమూర్తి నీళ్లు పోసి, కొబ్బరి పీచు తీసుకుని తోమడం మొదలుపెట్టాడు. పొర నాని, రేకులు రేకులుగా చేతిలోకి వచ్చింది. ఒక రేకును అరచేతిలో పెట్టుకుని ఎండవైపు పట్టి చూశాడు. "పలచగానే ఉంది," అన్నాడు. ఏంజెల్ కళ్లు తుడుచుకుంది. ఆయన చెయ్యి కడుక్కుని మళ్లీ తోమాడు.

పొయ్యి వెలిగించి, నీళ్లు మరిగాక సోడా వేసి, పట్టీలు ఒక్కొక్కటీ విప్పి కర్రతో లోపలికి నొక్కాడు. ఏంజెల్ ముందుకు రాబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "దూరంగా ఉండమ్మా. చిందిద్ది."

నీళ్లు మొదట తెల్లబడ్డాయి. తర్వాత మెల్లగా టీ డికాషన్ రంగుకు తిరిగాయి. "అదేనండీ వెండి," అంది ఏంజెల్. "ఆ నీళ్లు కాలవలో పోయొద్దు. డబ్బాల్లో పట్టి నేను తీసుకుపోతాను." ఆయన సరేనని తలూపాడు. మగ్గం గదిలో ఎవరూ లేరు. సగం నేసిన చీర దాని మానాన అది ఉంది.

పొద్దెక్కింది. బట్ట ఒకటి కర్రతో పైకి లేపి, చల్లారనిచ్చి, వేళ్ల మధ్య నలిపి చూశాడు. గంజి జారుడు పోయింది. ఇక దించాలి. బుల్లెమ్మ వాళ్లాయన్ని పిలుచుకొస్తానని గుమ్మం దాటబోయింది. సాంబమూర్తి ఆమెను ఆపాడు. పాత తుండుగుడ్డను నీళ్లలో తడిపి, రెండుగా చింపి, ఒక ముక్క ఏంజెల్ చేతిలో పెట్టాడు.

"ఆ వైపు పట్టుకో అమ్మా," అన్నాడు. "దీన్ని ఒక్కళ్లు దించగూడదు."

ఏంజెల్ తడిగుడ్డతో అంచు పట్టుకుంది. ఆయన ఇటువైపు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి గుండిగను పొయ్యి మీద నుంచి దించి నేల మీద పెట్టారు.